అంకారావు రెండు కళ్ళు

రెటీనా ఆపరేషన్లు నేర్చుకుంటున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట అడిగేది ఒకటే. "మేడమ్, మీ చేతిలో సక్సెస్ ఎంత ఉండేది?" వాళ్ళకు కావలసింది ఒక అంకె. అంకె నా దగ్గర ఉంది, చెప్పుకోదగ్గదే. కాకపోతే అది ఎవరి లెక్క ప్రకారం వచ్చిన అంకో వివరించాలంటే ఒక పూట పడుతుంది. అంతసేపు కూర్చునే తీరిక వాళ్ళకు ఉండదు. నాకు ఇప్పుడు తీరికే ఉంది. అందుకని రాస్తున్నాను.

నా ప్రమోషన్ల గురించీ, నేను వెళ్ళిన సభల గురించీ ఇందులో ఏమీ ఉండదు. ఒక మనిషి గురించి ఉంటుంది. అతని పేరు అంకారావు. నూజెండ్ల దగ్గర పల్లెటూరు. వినుకొండలో ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడిపేవాడు. అతని కుడి కన్నుకి నేను చేసిన ఆపరేషనూ, ఎడమ కన్నుకి చేసిన ఆపరేషనూ పుస్తకం లెక్కలో రెండూ విజయాలే. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాయే నా వృత్తి అని ఇన్నేళ్ళకు అనిపిస్తోంది.

పై అంతస్తు

నేను పనిచేసింది నరసరావుపేటలో ఒక కంటి ఆసుపత్రిలో. శుక్లాల ఆపరేషన్లు కింది అంతస్తులో, రెటీనా పై అంతస్తులో. శుక్లం తీయించుకున్న మనిషి మర్నాడు కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండరు చూసి నవ్వుతాడు. మనవరాలి చెవి కమ్మలు కనిపించాయంటాడు. డాక్టరు చేతులు పట్టుకుంటాడు. మామిడికాయల కాలంలో కింది అంతస్తు డాక్టర్ల గదుల్లో బుట్టలు ఉండేవి. నేను వాళ్ళ మీద అసూయపడలేదని చెబితే అబద్ధం.

పైకి వచ్చేవాళ్ళు వేరు. రెటీనా అంటే కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే పల్చటి పొర. మనం చూసేది దానితోనే. దానికి ఎక్కడో చిన్న చిరుగు పడి, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి దూరితే, నెమ్ము పట్టిన గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు పొర గోడ వదిలేస్తుంది. నొప్పి ఉండదు. ఎర్రబడదు. మెరుపులు కనిపిస్తాయి, నలకలు తిరుగుతాయి, తర్వాత ఒక వైపు నుంచి నీడ కమ్ముకుంటూ వస్తుంది. పొర నడిమధ్య ఆవగింజంత చోటు ఉంటుంది, మాక్యులా అంటాం. అక్షరం చదవడానికీ మొహం గుర్తుపట్టడానికీ అదే ఆధారం. నీడ అక్కడిదాకా రాకముందే రోగి మన దగ్గరికి వస్తే కథ ఒక రకంగా ఉంటుంది. వచ్చేశాక వస్తే ఇంకో రకంగా ఉంటుంది.

పల్నాడులో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రెండో రకమే. మిరప కోతలు అయ్యాక వద్దాం అనుకున్నవాళ్ళు, పెళ్ళి అయ్యాక చూద్దాం అనుకున్నవాళ్ళు, రెండో కన్ను బాగుంది కాబట్టి అసలు తెలియనే తెలియనివాళ్ళు. వాళ్ళను తప్పుపట్టడానికి నోరు రాదు. నొప్పి పెట్టని జబ్బును ఎవరు నమ్ముతారు?

మా పెద్ద డాక్టరుగారు

నేను పని నేర్చుకుంది గుంటూరులో ఒక పెద్ద డాక్టరు దగ్గర. ఆయన చేతులంత నెమ్మదైన చేతులు నేను మళ్ళీ చూడలేదు. మాట మాత్రం కరుకు. ఆయన నాకు చెప్పిన ఒక సంగతి ఇప్పటికీ పిల్లలకు చెబుతుంటాను. "మనం అతికించేది పొరని. చూపు వస్తుందో రాదో మన చేతిలో లేదు. ఆ ముక్క ఆపరేషనుకి ముందు చెప్పు. తర్వాత చెబితే అది సాకులాగా ఉంటుంది."

మాట నిజమే. కానీ ఆయనలో నాకు నచ్చనిది కూడా ఒకటి ఉంది. ఒకసారి సత్తెనపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అతికించిన పొర మచ్చకట్టి, ముడుచుకుని, మళ్ళీ మళ్ళీ ఊడింది. కొన్ని కళ్ళు అంతే, మానడం కోసం ఒళ్ళు చేసే ప్రయత్నమే పొరను లాగేస్తుంది. చివరికి ఆయన పరీక్ష చేసి, "ఇక చాలు. ఇంకో ఆపరేషన్ చేస్తే కన్ను నలగడమే తప్ప లాభం లేదు" అన్నారు. సరైన నిర్ణయం. ఎక్కడ ఆపాలో తెలియని డాక్టరు కన్నా ఆయన వెయ్యి రెట్లు నయం. అయితే ఆ మాట అనేసి ఆయన చేతులు కడుక్కుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. నేను మిగిలాను. ఆవిడ నన్ను అడిగింది, "అమ్మాయ్, ఆయన వెళ్ళిపోయాడా?"

"వెళ్ళారమ్మా."

"నువ్వున్నావా?"

"ఉన్నాను."

నేను చేసిందల్లా ఆ పక్కన కుర్చీలో కూర్చోవడం. ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. ఈ పనిలో చేతులకు తోడు ఉంటుంది, మైక్రోస్కోపూ సిస్టరూ మత్తు డాక్టరూ. ఇలా చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఉండరు.

కుడి కన్ను

అంకారావు మొదటిసారి వచ్చినప్పుడు భార్య మల్లేశ్వరి వెంట ఉంది. నలభై దాటిన మనిషి, బక్కపల్చన, చిన్నప్పటినుంచీ మందపాటి అద్దాలు. అలాంటి కళ్ళలో పొర పల్చగా ఉంటుంది.

"ఏం జరిగింది?" అన్నాను.

"బస్సు తోల్తా ఉంటే ఈ కంట్లో మెరుపులు మెరిసినయ్యమ్మా. ఎదురొచ్చే బండి లైటేమో అనుకున్నా. తర్వాత దోమలు ఎగిరినట్టు. మళ్ళీ రెండ్రోజులకి కిందనుంచి నల్లగా లేసింది. డ్యాష్‌బోర్డు మీద ఎవరో గుడ్డ కప్పినట్టు."

"అప్పుడే ఎందుకు రాలేదు?"

మల్లేశ్వరి అందుకుంది. "నొప్పుంటే వచ్చేవాడు గదమ్మా. మందుల షాపులో చుక్కలు తెచ్చి ఏసుకున్నాడు. బళ్ళో యానివర్సరీ, పిల్లకాయల్ని ఇళ్ళకాడ దింపాల, నేను లేకపోతే ఎట్టా అన్నాడు."

కంటిలోకి చూశాను. పొర సగానికి పైగా ఊడి, నీళ్ళలో నానిన గుడ్డలా కదులుతోంది. మాక్యులా కూడా లేచిపోయింది. నేను గురువుగారి మాట ప్రకారం అన్నీ ముందే చెప్పాను. పొర అతుక్కునే అవకాశం బాగానే ఉందనీ, చూపు మునుపటంత రాదనీ, గీతలు వంకరగా కనిపించవచ్చనీ, ఒక్కోసారి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తుందనీ. అంకారావు ప్రతి మాటకీ తల ఊపాడు. బయటికి వెళ్తూ భార్యతో అన్నది నాకు వినపడింది. "అతుక్కుద్దంట లేవే."

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. భయంలో ఉన్న మనిషి మన మాటల్లో తనకు కావలసిన ఒక్క మాటనే ఇంటికి తీసుకెళ్తాడు. అది అతని తప్పు కాదు. అందుకే ఒకసారి చెప్పి సంతకం తీసుకుంటే చెప్పినట్టు కాదు. మర్నాడు మళ్ళీ చెప్పాలి. వీలైతే భార్యతో విడిగా చెప్పాలి. నేను అప్పటినుంచీ అలాగే చేశాను.

బోర్లా పడుకున్నవాళ్ళు

ఆ కంట్లో చిరుగు పెద్దది, రక్తం కూడా చేరింది. కన్ను లోపల నిండి ఉండే జిగురు తీసేసి, పొరను సర్ది, లేజరుతో అంచులు కాల్చి, కంటినిండా గ్యాసు నింపాం. గ్యాసు బుడగ పైకి తేలుతుంది కాబట్టి, అది వెనక గోడను నొక్కాలంటే రోగి మొహం కిందికి పెట్టుకుని ఉండాలి. తినడానికీ, బాత్రూముకి వెళ్ళడానికీ తప్ప రోజంతా అంతే. రోజుల తరబడి.

ఆపరేషన్ బాగా జరిగిందని మనం ఇంటికి వెళ్ళిపోతాం. రోగికి అసలు ఆపరేషన్ అప్పుడే మొదలవుతుంది. మెడ పట్టేస్తుంది. నడుం లాగుతుంది. నేల మీది గచ్చు తప్ప ఏమీ కనిపించదు. పలకరించడానికి వచ్చినవాళ్ళ కాళ్ళే కనిపిస్తాయి. మీసాలు దువ్వుకుని ఊళ్ళో పెత్తనం చేసే మగవాళ్ళు ఆ మంచాల మీద నిశ్శబ్దంగా ఏడవడం నేను చూశాను. మొహం కిందికి ఉంటుంది కాబట్టి ఎవరూ చూడలేదనుకుంటారు. నేలమీద పడ్డ చుక్కలు చూసి మా సిస్టర్ రూతమ్మ ఏమీ అనకుండా గుడ్డతో తుడిచి వెళ్ళేది.

అంకారావు రెండో రోజు అన్నం మానేశాడు. మాట మానేశాడు. రౌండ్స్‌కి వెళ్ళి "ఎట్లా ఉంది?" అంటే, "మనుషులు ఎట్టా ఉంటారో మర్సిపోతన్నానమ్మా" అన్నాడు.

మర్నాడు నేను వార్డులోకి వెళ్ళేసరికి మల్లేశ్వరి మంచం కింద తల పెట్టి నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. చీర కొంగు తల కింద మడిచి పెట్టుకుంది. మంచం తలవైపు మొహం ఆనించడానికి మేము వదిలిన ఖాళీలోంచి అతను కిందికి చూస్తున్నాడు, ఆమె పైకి చూస్తోంది. ఇద్దరూ వినుకొండ చెరువు కట్ట మీద ఎవరో ఆవిడ పెట్టిన కొత్త ఇడ్లీ బండి గురించి మాట్లాడుకుంటున్నారు.

నన్ను చూసి ఆమె లేవబోయింది. "పడుకో" అన్నాను. రూతమ్మ ఒక చాప తెచ్చి ఇచ్చింది. తర్వాతి రోజుల్లో వార్డులో ఇంకో ఇద్దరి భార్యలూ, ఒకరి తమ్ముడూ అలాగే పడుకున్నారు. నేనేమో ఆ నేల మీద మనుషుల్ని దాటుకుంటూ రౌండ్స్ చేశాను. ఏ పుస్తకంలోనూ లేని ఈ వైద్యం వల్ల బోర్లా పడుకోగలిగినవాళ్ళు ఎంతమందో. తోడు ఎవరూ లేకుండా వచ్చిన రోగుల దగ్గర రూతమ్మ తన భోజనం వేళలో అలా పడుకునేది. నేను ఎప్పుడూ పడుకోలేదు. డాక్టరు నేల మీద పడుకుంటే బాగుండదని అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే పడుకోండి అని చెబుతాను.

పొర అతుక్కుంది

వారాలు గడిచి బుడగ కరిగింది. చెరువులో నీటిమట్టం దిగినట్టు రోజూ కొంచెం కొంచెం దిగుతోందని అంకారావే చెప్పేవాడు. అది పూర్తిగా పోయిన రోజు కంట్లోకి చూశాను. పొర ఎక్కడా లేచిలేదు. అంచుల చుట్టూ లేజరు మచ్చలు వరుసగా, నాట్లు వేసినట్టు ఉన్నాయి. అంత శుభ్రమైన ఫలితం చాలా రోజుల తర్వాత చూశాను. నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

"ఎడమ కన్ను మూసి చూడు అంకారావ్."

అతను అక్షరాల చార్టు మొదటి మూడు వరుసలు చదివాడు. తర్వాత ఆగిపోయాడు. తలుపు వైపు చూశాడు. "దర్వాజా వంకరగా ఉందేందమ్మా?"

"కొన్నాళ్ళు అట్లా ఉంటుంది."

నా వైపు తిరిగాడు. "మీ ముక్కు పక్కకి పోయింది."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. ఆ క్షణం ఆ చిన్న చీకటి గదిలో నేను ఎంత సంతోషంగా ఉన్నానో అతను అంత దిగులుగా ఉన్నాడు. ఇద్దరం చూస్తున్నది ఒకే కన్ను. నేను బయటినుంచి, అతను లోపలినుంచి.

నెలలు గడిచేకొద్దీ ఇంకొక వరుస చదవగలిగాడు. అక్కడితో ఆగింది. అప్పుడు స్కూలువాళ్ళు కంటి డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు.

"రాసివ్వండమ్మా. ఎల్లుండి బళ్ళు తెరుస్తన్నారు."

"రాయలేను అంకారావ్."

"ఎందుకని? ఎడం కన్ను మంచిదేగా. ఎంతమంది ఒంటి కంటితో తోలట్లా?"

"తోలుతున్నారు. వాళ్ళ బండిలో పిల్లలు లేరు. రెండు కళ్ళూ కలిసి చూస్తేనే ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో సరిగ్గా తెలిసేది. నీ కుడిపక్క నుంచి సైకిల్ మీద ఎవరైనా అడ్డం వస్తే..."

"పెళ్ళికి ముందునుంచీ తోల్తన్నా. ఒక కోడిపిల్ల గూడా పడలా నా బండికింద."

"తెలుసు."

మల్లేశ్వరి ఒక అడుగు ముందుకొచ్చింది. "అతుక్కుంది, ఆపరేషన్ సక్సెస్ అన్నారు మీరే. ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడు బండి తోలగూడదంటే సక్సెస్ ఏంది డాక్టరమ్మా?"

నా దగ్గర ఉన్న జవాబంతా ఆపరేషనుకి ముందే చెప్పేశాను. అది ఇప్పుడు మళ్ళీ చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంకారావు లేచి, కుర్చీని బల్ల కిందికి సర్ది, వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్ళాను. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి వృత్తి కారణం కాదు, అలా జరిగిపోయింది. మామూలు రోజుల్లో ఒంటరితనం నన్ను పెద్దగా బాధపెట్టదు. ఇలాంటి రోజున మాత్రం ఇంట్లో ఇంకో మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది. ఓదార్చడానికి కాదు. "ఇవాళ ఒక మనిషి చేతిలోంచి స్టీరింగు లాక్కున్నాను" అని పైకి చెబితే వినడానికి. ఊళ్ళో రెటీనా పని చేసేది అప్పట్లో నేనొక్కదాన్నే. తోటి డాక్టర్లకు చెబితే, "కరెక్టే చేశావు" అంటారు. కరెక్టో కాదో నేను అడగడం లేదు కదా.

సంతకం పెట్టే డాక్టరు వేరేచోట దొరుకుతాడని నాకు తెలుసు. అంకారావు వెతుక్కుంటాడనే అనుకున్నాను.

వెతుక్కోలేదు. ఆ సంగతి చాలా కాలానికి మల్లేశ్వరి చెప్పింది. మా దగ్గరనుంచి వెళ్ళిన మర్నాడు, బడి ఇంకా తెరవకముందు, అతను ఖాళీ బస్సు తీసి స్కూలు ఆవరణలోనే తిప్పి చూసుకున్నాడట. రోజూ కళ్ళు మూసుకుని పెట్టగలిగిన చోట, రెండు స్తంభాల మధ్య బండి పెట్టబోతే కుడివైపు అద్దం స్తంభానికి తగిలి పగిలింది. దిగి, గాజు పెంకులన్నీ తనే ఊడ్చి, తాళాలు తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేశాడు. వాళ్ళు అతన్ని పంపేయకుండా అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని ఇచ్చారు. కొత్త డ్రైవరు వెనక సీట్లో కూర్చోవాలి.

"ఇంటికొచ్చి గోడకి తిరిగి పడుకున్నాడమ్మా," అంది మల్లేశ్వరి. "మీ మీద కోపమా అంటే కాదన్నాడు. కోపం అయితే బాగుండు అనిపించింది నాకు."

ఎడమ కన్ను

రెండు కళ్ళూ ఒకే తల్లి పిల్లల్లాంటివి. ఒకదానికి వచ్చింది రెండోదానికి రావచ్చు. అతని ఎడమ కంట్లో పల్చబడిన చోట్ల ముందే లేజరు పెట్టాను. రోజూ పొద్దున్నే ఒక్కో కన్నూ మూసి ఎదురుగా ఉన్నదాన్ని చూసుకోమనీ, మెరుపు వచ్చినా మసి రాలినట్టు కనిపించినా ఆ పూటే రమ్మనీ చెప్పాను. అతను రెండు మూడు సార్లు చెకప్‌కి వచ్చి మానేశాడు. ఫోన్ చేయిస్తే మల్లేశ్వరి, "పనిలో ఉన్నాడండి" అనేది. నన్ను చూడటం ఇష్టం లేదనుకున్నాను. చాలామంది రోగులు అలా దూరమవుతారు. మీ దగ్గర చూపు పోగొట్టుకున్నామని అనుకునేవాళ్ళు మీరు బజార్లో ఎదురైతే తల తిప్పుకుంటారు. అలవాటు పడాలి. నేను పడలేదు.

రెండేళ్ళు దాటాక ఒక పొద్దున, ఓపీ నిండుగా ఉన్నప్పుడు, రూతమ్మ లోపలికి వచ్చి, "నూజెండ్ల అంకారావు వచ్చాడు మేడమ్, మిమ్మల్నే అడుగుతున్నాడు" అంది. స్కూలు ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు. వెనక మల్లేశ్వరి, మొహం చిట్లించుకుని.

"పొద్దున్నే బస్సులో పిల్లల్ని ఎక్కిస్తంటే మెరిసిందమ్మా. తర్వాత మసి రాల్తన్నట్టు. బస్సు ఆపించి దిగి ఇటే వచ్చేశా. ఏం తినలా, నీళ్ళు గూడా తాగలా. ఆపరేషన్ అంటారేమో అని."

అతని కంట్లోకి చూశాను. లేజరు పెట్టినచోట గట్టిగా ఉంది. దాని పక్కన, పైభాగంలో కొత్త చిరుగు. అక్కడ పొర లేవడం మొదలైంది. మాక్యులా ఇంకా గోడకే ఉంది. నీరు కిందికి జారితే సాయంత్రానికే అక్కడిదాకా రావచ్చు.

"నడిమధ్య పొర ఇంకా ఊడలేదు. ఇవాళే చేయాలి," అన్నాను. "ఇప్పుడే పడుకోబెడతాను. తల కదిలించొద్దు."

మల్లేశ్వరి ఒప్పుకోలేదు. "ఆ కన్నుకి చేసి ఏం ఒరిగింది? ఇది గూడా అట్టా అయితే ఇంక నన్నుగూడా గుర్తుపట్టలేడు. హైదరాబాదు తీసుకపోతా."

ఆమె మాటలో న్యాయం ఉంది. దారిలో గంటలు పోతాయని మాత్రం చెప్పాను. నా మీద నమ్మకం పెట్టుకోమని అడిగే హక్కు నాకుందో లేదో తెలియలేదు, అడగలేదు.

మంచం మీద పడుకున్న అంకారావు చెయ్యెత్తాడు. "ఏమే, ఇటు రా. ఆ కన్ను ఊడినాక అతికిచ్చింది ఈమె. అప్పుడు నేను ఆలిశ్యంగా వచ్చా. ఇది ఇంకా ఊడలా. ఇప్పుడు ఆలిశ్యం చేసేది నువ్వు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి రూతమ్మ దగ్గరికి వెళ్ళి, "సంతకం యాడ పెట్టాల?" అని అడిగింది.

ఈసారి గ్యాసు అవసరం లేదు. కంటి గుడ్డు బయట చిన్న సిలికాన్ పట్టీ కుట్టి, గోడను లోపలికి నొక్కి, చిరుగు మూసుకునేలా చేసే పద్ధతి. పాతది, ఓపికతో చేయాల్సింది. ఇప్పటి పిల్లలు దీన్ని సరిగ్గా నేర్చుకోవడం లేదని నా ఫిర్యాదు. కంటి దగ్గర మత్తు ఇస్తాం కానీ మనిషి మెలకువగానే ఉంటాడు. మొహం మీద గుడ్డ కప్పి, థియేటర్లో లైట్లు ఆర్పి, తలకు కట్టుకున్న లైటుతో చూస్తూ చేస్తాం.

సగంలో ఉండగా గుడ్డ కింద నుంచి అడిగాడు. "డాక్టరమ్మా, ఉన్నారా?"

"ఉన్నాను."

కొంతసేపటికి మళ్ళీ. "ఉన్నారా?"

"ఉన్నాను అంకారావ్. కదలొద్దు."

అలా ఎన్నిసార్లు అడిగాడో. సిస్టర్ విసుక్కోబోతే వద్దని సైగ చేశాను. నిజానికి ఆ చీకట్లో నాకూ ఆ పిలుపు కావలసి వచ్చింది. కుట్టు ఒక పిసరు లోతుకి దిగితే కంటి గోడ చిల్లు పడుతుంది. ఆ కన్ను తప్ప అతనికి నికరంగా చూడటానికి ఇంకొకటి లేదు. చివరి కుట్టు ముడి వేసి లోపలికి చూశాను. చిరుగు పట్టీ మీద సరిగ్గా కూర్చుంది. మాక్యులా గోడకే ఉంది, పొద్దున ఉన్నట్టే.

ఏమీ మారని ఫలితం

మొదటి రోజుల్లో వాపు, ఎరుపు, మసక. మల్లేశ్వరి నాతో మాట్లాడలేదు. పట్టీ వల్ల కంటి పొడవు కొంచెం మారుతుంది, అద్దాల నంబరు మారుతుంది. అదంతా సర్దుకున్నాక, కొత్త అద్దాలతో చెకప్‌కి రమ్మన్నాను.

ఆ రోజు రూతమ్మ లేదు. ఆ మధ్యలోనే ఆమె రిటైరై ఒంగోలులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. గదిలో మేము ముగ్గురమే. పొర పూర్తిగా అతుక్కుని ఉంది. చార్టు చివరి వరుసదాకా చదివాడు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"ముందు ఎట్టా ఉండేదో అట్టానే ఉందమ్మా."

మల్లేశ్వరి నా వైపు చూసింది. "అంతేనా? తేడా ఏం లేదా?"

"ఏం లేదే. అట్టానే ఉంది."

పిల్లలూ, మీరు అడిగిన అంకెలో ఈ కన్ను ఒక గీత. దాని పక్కన కుడి కన్ను కూడా ఒక గీతే, అంతే పొడవు. మన పనిలో అన్నిటికన్నా గొప్ప ఫలితం ఇదే, రోగికి ఏ తేడా తెలియకపోవడం. పోబోయింది పోలేదు. జరగనిదాన్ని చూసి ఎవరు సంబరపడతారు? ఆ సంబరం మీకొక్కరికే ఉంటుంది. పంచుకోవడానికి మనిషి కోసం వరండాలోకి వెళ్తారు, అక్కడ తర్వాతి రోగి నిలబడి ఉంటాడు. అలాంటి రోజులు నాకు చాలా ఉన్నాయి. ఏదో లోటుగా ఉంటుంది, చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుంది. అది తట్టుకోగలిగితేనే ఈ పనిలోకి రండి. తట్టుకోలేకపోతే కింది అంతస్తు మంచిది, నేను ఎగతాళికి అనడం లేదు.

నేను మందులు రాస్తున్నాను. అంకారావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద రోడ్డుకి అవతల బస్టాండు. కుడి కన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, బయటికి వస్తున్న బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. ఎవరూ చదవమనలేదు.

"మాచర్ల."

"గురజాల."

"సత్తెనపల్లి, గుంటూరు."

గొంతు పెద్దది చేయలేదు. మల్లేశ్వరి మొదట, "చాల్లే, రా" అంది. ఇంకో రెండు బోర్డులకి ఆమె అతని పక్కకు వెళ్ళి నిలబడింది. కళ్ళు చికిలించి తనూ చూసింది. "పిడుగురాళ్ళ" అని ఆమె సగం కూడబలుక్కునేలోపు అతను చెప్పేశాడు. ఆమె అతని భుజం మీద తల ఆనించి నిశ్శబ్దంగా ఏడ్చింది. నేను కలం మూసి కూర్చున్నాను. బయట రోగులు తలుపు తీసి చూసి వెళ్తున్నారు. అతన్ని ఆపబుద్ధి కాలేదు.

"వినుకొండ," అన్నాడు చివరికి, చెయ్యి దించి. "మన బస్సు. పోదాం పదవే. వస్తామమ్మా."

మందుల చీటీ తీసుకుని మెట్లు దిగిపోయారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ రోడ్డు దాటుతున్నారు. కుడివైపు నుంచి వచ్చే ఆటోలు చూసుకోవడానికి ఆమె అతని కుడిపక్కన. బస్సెక్కారు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. పైకి ఎవరూ చూడలేదు. చూస్తారని నేనూ అనుకోలేదు.